స్టాండింగ్ ఫ్రేమ్ కొనాలా, చేయించాలా? పాపకి నాలుగేళ్ళు, సీపీ

తణుకు_అమ్మ:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా పాపకి నాలుగేళ్ళు. ఏడో నెలలోనే పుట్టింది, నలభై రోజులు అద్దాల పెట్టెలో ఉంది. సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం) అని ఏడాదిన్నరకి తేల్చారు, లెవెల్ 4 అన్నారు (తీవ్రత 1 నుంచి 5 దాకా లెక్క, 5 అన్నిటికంటే ఎక్కువ). కార్నర్ సీట్‌లో కూర్చుంటుంది. మధ్యాహ్నం దాకా మెడ బాగానే నిలుపుతుంది, సాయంత్రానికి వాలిపోతుంది. ఎత్తుకుంటే కాళ్ళు రెండూ కత్తెరలా పడతాయి.

పోయిన వారం ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి కుడి తుంటి 28 శాతం బయటకి వచ్చిందన్నారు. ఆరు నెలలకి మళ్ళీ తీయాలట. ఈలోపు రోజుకి గంట స్టాండింగ్ ఫ్రేమ్‌లో, అంటే సొంతంగా నిలబడలేని పిల్లల్ని బెల్టులతో పట్టి నిలబెట్టే చట్రంలో, నిలబెట్టమన్నారు. విజయవాడలో ఒక షాపులో అడిగితే 36,000 చెప్పారు. మావారు రైస్ మిల్లులో గుమాస్తా, మీకే అర్థమవుతుంది.

అత్తయ్య ఆ ఫ్రేమ్ ఫొటో చూసి "నడవని పిల్లని బెల్టులతో కట్టేసి నిలబెడతారా, పాపం చుట్టుకోదూ" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ఫొటో చూడగానే కడుపులో తిప్పినట్టయింది. ఇది నిజంగా పనికొస్తుందా? అంత డబ్బు పెట్టాలా, మా ఊరి కార్పెంటర్ చేయగలడా? వాడినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు_నాన్న:

అమ్మా, ముందు ఒక్కటి. డబ్బు ఇప్పుడే పెట్టకండి. మా బాబుకి తొమ్మిదేళ్ళు, లెవెల్ 5. మేం మొదటిది ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించినం. 41,000. వాడికి మెడ అస్సలు నిలవదు, అదేమో ముందుకి వాలి నిలబడే రకం. నిలబెడితే తల ట్రే మీద పడిపోయేది. వెనక్కి తీసుకోమంటే షాపువాళ్ళు ఫోన్ ఎత్తలే. రెండేళ్ళు మా ఇంట్లో తువ్వాళ్ళు ఆరేసే స్టాండు అయింది అది. మా ఇంటావిడ ఇప్పటికీ "నలభై ఒక్క వేల దండెం" అంటది.

తర్వాత ఫిజియో మేడమ్‌ని ఇంటికి పిలిపించి, కొలతలు తీయించి, వెల్లకిలా పడుకోబెట్టి లేపే రకం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నం. 9,000. నాలుగేళ్ళ నుంచి రోజూ వాడుతున్నం.

ఇంకోటి. ఇందులో నిలబడితే నడక వస్తదని ఆశ పెట్టుకోకండి. మాకు అట్లనే చెప్పి అమ్మిన్రు. రాలే. కానీ తుంటి ఇప్పటిదాకా జారలే.

తణుకు_అమ్మ:

మరి నడక రానప్పుడు దేనికండీ నిలబెట్టడం? అత్తయ్య అడిగేదీ అదే, నా దగ్గర జవాబు లేదు.

ఫిజియో_కాకినాడ:

పిల్లల ఫిజియోథెరపీలో పన్నెండేళ్ళుగా ఉన్నాను. పాపని చూడకుండా చెబుతున్నాను కాబట్టి మీ ఫిజియో మాటే ఫైనల్.

పుట్టినప్పుడు ఏ పిల్లలకైనా తుంటి గిన్నె లోతు తక్కువే. ఏడాదికల్లా లేచి నిలబడి, పడి, మళ్ళీ లేచి, అలా ఒంటి బరువుతో తొడ ఎముక గుండు ఆ గిన్నెని రోజంతా నొక్కుతూ ఉంటే దాని లోతు పెరుగుతుంది. మన పిల్లలకి ఆ నొక్కుడు ఉండదు. పైగా తొడ లోపలి కండరాలు బిగుసుకుని కాళ్ళని దగ్గరికి లాగేస్తుంటే గుండు మెల్లగా బయటకి జరుగుతుంది. 28 శాతం అంటే గుండులో అంత భాగం గిన్నె కప్పు కింద లేదని లెక్క. 30 దాటితే డాక్టర్లు ఇంకా గట్టిగా కన్నేసి ఉంచుతారు. ఆరు నెలలకి ఎక్స్‌రే అన్నారంటే మీ డాక్టర్ శ్రద్ధ ఉన్న మనిషి. నా దగ్గరకి వచ్చే పిల్లల్లో సగం మందికి ఏడేళ్ళు వచ్చేదాకా ఎవరూ తుంటి ఎక్స్‌రే తీయించి ఉండరు, తొడ ఎత్తి డైపర్ మారుస్తుంటే ఏడుస్తోందని వస్తారు.

ఎంతసేపు అన్నదానికి, అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లించి 2013లో ఒక సమీక్ష వచ్చింది. వారానికి 5 రోజులు. ఎముక గట్టిదనానికైతే రోజుకి 60 నుంచి 90 నిమిషాలు. తుంటి, మోకాలు, మడమ బిగుసుకుపోకుండా 45 నుంచి 60. తుంటి జారకుండా అయితే 60 నిమిషాలు, అదీ రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, రెండూ కలిపి 30 నుంచి 60 డిగ్రీలు. ఈ ఎడం చాలామంది మర్చిపోతారు. కాళ్ళు జోడించి గంట నిలబెడితే తుంటికి మనం అనుకున్న లాభం దక్కదు. షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న "కాళ్ళు ఎడంగా పెట్టే వీలుందా" అని. ధర తర్వాత.

మలబద్ధకం తగ్గిందని, రాత్రి బాగా నిద్రపోతోందని తల్లులు చాలామంది చెబుతారు. కాదనను. కానీ ఎముకల గురించి చెప్పినంత గట్టిగా దాని గురించి చెప్పలేను.

మీ పాపకి మెడ పొద్దున నిలుస్తుంది అంటున్నారు కాబట్టి ప్రోన్ రకం సరిపోవచ్చు. పొట్ట వైపు పలకకి ఆనించి కొంచెం ముందుకి వాల్చి నిలబెట్టేది. చేతులు వాటంతటవే ముందున్న ట్రే మీదకి వస్తాయి, ఆడుకోవచ్చు. మెడ అస్సలు నిలవని పిల్లలకి సుపైన్, అంటే ఓరుగల్లు గారు చెప్పిన వెల్లకిలా రకం. పొద్దున టిఫిన్ తిన్నాక గంట ఆగి మొదలుపెట్టండి. సాయంత్రం వద్దు.

తణుకు_అమ్మ:

మేడమ్, చాలా థాంక్స్. 30 అని చదవగానే మళ్ళీ టెన్షన్ మొదలైంది, కానీ కనీసం ఎందుకో తెలిసింది. ఇదంతా అత్తయ్యకి ఎలా చెప్పాలో.

నెల్లూరు_అమ్మ:

ఎవరినీ భయపెట్టాలని కాదు గానీ ఇది కూడా వినండి. మా వాడికి ఆరేళ్ళప్పుడు ఒక థెరపీ సెంటర్‌లో మొదటి రోజే నలభై నిమిషాలు నిలబెట్టారు. ఏడుస్తున్నాడంటే "అలవాటు లేక" అన్నారు. ఇంటికొచ్చాక మోకాలి పైన వాచింది. ఎక్స్‌రేలో తొడ ఎముక విరిగి ఉంది. వాడు పుట్టిన దగ్గర్నుంచి ఫిట్స్ మందులు వాడుతున్నాడు, ఎండ మొహం చూసింది లేదు. విటమిన్ డి చూపిస్తే 7 వచ్చింది, బాగా తక్కువట. ఈ ముక్క ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఆరు వారాలు కట్టు. ఆ సెంటర్‌కి మళ్ళీ వెళ్ళలేదు.

ఫిజియో_కాకినాడ:

ఇది చదివి బాధేసింది. అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. కొన్ని ఫిట్స్ మందులు, ముఖ్యంగా ఫెనిటాయిన్ లాంటివి, ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ డి తగ్గిపోతుంది. కాళ్ళ మీద ఎప్పుడూ బరువు పడని ఎముక ఎలాగూ పెళుసుగానే ఉంటుంది. ఎప్పుడూ నిలబడని పిల్లని మొదటిసారి నిలబెట్టే ముందు ఆ టెస్ట్ చేయించండి, డాక్టర్‌తో మాట్లాడండి. మందు మాత్రం ఎవరూ సొంతంగా ఆపొద్దు.

మొదటి వారం 5, 10 నిమిషాలు చాలు. మొహం పాలిపోయినా, చెమటలు పట్టినా, కళ్ళు తేలేసినా వెంటనే పడుకోబెట్టాలి, బీపీ పడిపోతోందని అర్థం. తుంటి పూర్తిగా జారి నొప్పి ఉన్నా, ఈమధ్య ఎముక విరిగినా, ఆపరేషన్ అయినా డాక్టర్ సరే అనేదాకా ఫ్రేమ్ జోలికి పోవద్దు. వెన్నెముక చీలిక, అంటే స్పైనా బైఫిడా ఉన్న పిల్లలకి చాలాసార్లు కాళ్ళలో స్పర్శ సరిగా ఉండదు, కాబట్టి వాళ్ళు ఏడవకపోవచ్చు. అక్కడ మన కళ్ళే నొప్పి తెలుసుకోవాలి. బెల్టు తీశాక ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే ఆ చోట పుండు పడొచ్చు.

చిత్రిక_బాబాయ్:

అమ్మాయ్, నేను రాజమండ్రిలో కార్పెంటర్‌ని. మా మనవడికి ఇప్పటికి మూడు ఫ్రేములు చేశాను. మొదటిది పొయ్యిలోకి పోయింది. ఎందుకు పోయిందో చెబుతాను, మీకు పనికొస్తుంది.

మొదటిసారి పిల్లాణ్ణి నిలబెట్టి పట్టుకోమని కొలిచాను. వాడు నిలబడడు కదా, మోకాళ్ళు వంగి ఉన్నాయి. కొలత మూడంగుళాలు తక్కువొచ్చింది. గట్టి నేల మీద పడుకోబెట్టి, కాళ్ళు చాపి, డాక్టర్ ఇచ్చిన ప్లాస్టిక్ బూట్లు తొడిగి కొలవాలి. మడమ నుంచి మోకాలి చిప్ప దాకా, మడమ నుంచి పిరుదు మధ్యకి, మడమ నుంచి చంక కిందికి, మడమ నుంచి మడిచిన మోచేతికి. నడుము వెడల్పు. పాదం పొడవు. ఆరు కొలతలు, అంతే.

పలకకి 18 ఎం.ఎం. ప్లైవుడ్. మంచి రకం తీసుకోండి, చవకది ఏడాదిలో పొరలు లేస్తుంది. అడుగు పీట మాత్రం పెద్దది పెట్టాలి. ముందుకి వాలే ఫ్రేమ్‌లో బరువంతా ముందుకి వస్తుంది కాబట్టి పీట వెనక్కంటే ముందుకి ఎక్కువ పొడుగుండాలి. మా మొదటిది ఇక్కడే దెబ్బతింది, వాడు ట్రే మీద గట్టిగా ఒరిగితే మొత్తం ముందుకి తిరగబడబోయింది, నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. చక్రాలు వద్దనుకుంటే రబ్బరు బుష్‌లు కొట్టండి. చక్రాలే కావాలంటే నాలుగింటికీ బ్రేక్ ఉన్నవే.

మోకాళ్ళ దగ్గర ఫోమ్ దిండు చిప్ప మీద నేరుగా నొక్కకూడదు, కాస్త కిందకి దించి పెట్టాలి. రెండు మోకాళ్ళ మధ్య చెక్క దిమ్మ, దానికి ఫోమ్ చుట్టి రెక్సిన్ కుట్టాలి. కాళ్ళు ఎడంగా ఉండేది దాంతోనే. బెల్టు నడుముకి కాదమ్మా, పిరుదులకి. నడుముకి కడితే పిల్ల బెల్టు మీద వేలాడుతుంది, బరువు కాళ్ళకి దిగదు. మొత్తం మీద నాకు సామాను ఖర్చు 5,000 లోపే అయింది. మజూరీ మీ ఊళ్ళో ఎంతో మీకే తెలియాలి.

ఓరుగల్లు_నాన్న:

బాబాయ్ చెప్పింది వంద శాతం కరెక్ట్. వేలాడుతున్నదా నిలబడుతున్నదా తెలుసుకునేందుకు మా మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. బరువు చూసుకునే మెషీన్ ఉంటది కదా, బాత్రూమ్ స్కేలు. దాన్ని పాదాల కింద పెట్టి చూడాలె. మా వాడు అప్పుడు 16 కిలోలు, మెషీన్ 5 చూపెట్టింది. మిగతా 11 కిలోలు బెల్టులు మోస్తున్నయ్. పలకని ఇంకొంచెం నిటారుగా లేపి, ఛాతీ బెల్టు సడలిస్తే 11కి వచ్చింది. గంట నిలబెట్టినమని లెక్క రాసుకోవడం వేరు, గంట నిలబడడం వేరు.

మాల్మో_తెలుగమ్మాయి:

నేను స్వీడన్ నుంచి రాస్తున్నాను. మా బాబుకి అయిదేళ్ళు. ఇక్కడ 1994లో దక్షిణ స్వీడన్‌లోనే సీపీ పిల్లల తుంటిని చిన్నప్పట్నుంచి వరసగా కనిపెట్టి ఉండే ప్రోగ్రామ్ మొదలైంది, ఇప్పుడు దేశమంతా ఉంది. ఎక్స్‌రే తేదీ వాళ్ళే పంపిస్తారు. స్టాండింగ్ ఫ్రేమ్ కొనక్కర్లేదు, వాడుకోవడానికి ఇస్తారు, పిల్ల పెరిగితే వెనక్కిచ్చి ఇంకోటి తెచ్చుకోవడమే.

బాబుకి ఇచ్చింది ఒంటికి అచ్చు పోసి చేసిన ప్లాస్టిక్ తొడుగు. ఛాతీ నుంచి పాదాల దాకా వెనకవైపు సగం పనసకాయలా ఉంటుంది, అందులో పెట్టి స్టాండుకి బిగించడమే. చూడ్డానికి ఏమీ బాగోదు. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి రెండు రోజులు అన్నం తినలేదు. వాడు మాత్రం అందులో నిలబడే స్కూల్లో మిగతా పిల్లలతో నీళ్ళ తొట్టిలో పడవలు వదులుతాడు. అన్నీ ఉన్న ఊళ్ళో ఉండి నీతులు చెప్పడం కాదు, కట్టేసినట్టు కనిపించడం గురించి మాత్రం మీ బాధ నాకు తెలుసు.

భవిత_టీచర్:

తణుకు అమ్మ గారూ, మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటుంది, పాప పేరు అక్కడ రాయించారా? స్కూలుకి రాలేని పిల్లలకి ఇంటికే టీచర్ వస్తారు, కేంద్రానికి వారంలో కొన్ని రోజులు ఫిజియో వస్తారు. ఏడాదికోసారి కాన్పూర్ అలిమ్కో (వికలాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళతో కొలతల క్యాంపు పెడతారు. నేను చూసిన క్యాంపుల్లో సీపీ చైర్లే ఎక్కువ రాస్తారు. స్టాండింగ్ ఫ్రేమ్ కావాలంటే కొలతల రోజే డాక్టర్ రాసిన చీటీ చూపించి నోరు తెరిచి అడగాలి. తర్వాత సరుకు వచ్చాక అడిగితే లాభం లేదు.

కేంద్ర ప్రభుత్వం వికలాంగులకి పరికరాలిచ్చే ఆడిప్ పథకంలో, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం గానీ ఆపైన గానీ ఉండాలి. కుటుంబ ఆదాయం నెలకి 22,500 లోపైతే పూర్తిగా ఉచితం, 30,000 దాకా అయితే సగం. ఒకసారి తీసుకున్నాక అదే పనికి మూడేళ్ళ దాకా మళ్ళీ ఇవ్వరు, కానీ పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఆ గడువు ఏడాదే. పిల్లలు పెరుగుతారు కదా. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇంకా లేకపోతే వెంటనే అప్లై చేయండి. ఇక నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా అని ఉంది, లక్ష దాకా, సీపీ పిల్లలకి వర్తిస్తుంది. థెరపీ బిల్లులు అందులో పెట్టుకోవచ్చు.

క్యాంపు కోసం ఎదురుచూస్తూ ఆరు నెలలు పోగొట్టుకోకండి. బాబాయ్ గారి ఫ్రేమ్ మొదలుపెట్టి, అది కూడా అప్లై చేయండి.

పొద్దుతిరుగుడు:

మా ఫ్రేమ్‌లో పెట్టగానే మా పాప గుక్కపట్టి ఏడుస్తుంది. నేనూ ఏడుస్తాను. రోజుకి మూడు గంటలు పెట్టమన్నారు మాకు. వారం చేసి మానేశాను. తప్పు చేశానా?

ఫిజియో_కాకినాడ:

మూడు గంటలు మొదట్లోనే ఎవరు చెప్పారో గానీ, మీది తప్పేం లేదు. పెట్టగానే ఏడిస్తే నొప్పి, పావుగంట తర్వాత ఏడిస్తే విసుగు. ఇది మోటు లెక్కే కానీ చాలాసార్లు పనిచేస్తుంది. ముందు ఫ్రేమ్ సంగతి మీ ఫిజియోకి చూపించుకోండి. బూట్లు వేయకుండా పెడుతున్నారా? మడమ కిందకి దిగకపోతే బరువంతా మునివేళ్ళ మీద పడుతుంది, అది నిజంగానే నొప్పి. గంటని మూడు ఇరవైలుగా విడగొట్టినా పర్వాలేదు.

నాయనమ్మ_గుంటూరు:

నేను చెబుతుంటే మా పెద్ద మనవరాలు తన ఫోన్లో టైపు చేస్తోంది. నేను కూడా తణుకు అత్తగారి మాటే అన్నాను మొదట. కట్టేశారని కొడుకుతో వారం మాట్లాడలేదు. ఒకరోజు కోడలు ఆఫీసుకి వెళ్తూ నన్ను చూసుకోమంది. చిన్న మనవరాలు ఫ్రేమ్‌లో నిలబడి ఉంది, నేనేమో ఎదురుగా కుర్చీలో కూర్చుని కందిపప్పు ఏరుతున్నాను. చాట వైపే చూస్తోంది. సరే అని చాట దాని బల్ల మీద పెట్టాను. రాళ్ళు ఏరలేదులే, పప్పంతా చేత్తో దువ్వింది. అరగంట. అప్పటిదాకా మంచం మీదో ఒళ్ళోనో చూశాను గానీ, నా భుజం ఎత్తుకి ఉంటుందని నాకు తెలియదు. అత్తగారితో వాదించకమ్మా. ఏదో ఒక పని ఆవిడకి అప్పజెప్పి నువ్వు పక్కకి పో.

తణుకు_అమ్మ:

నాయనమ్మ గారూ, ఇది రెండుసార్లు చదివాను. మావారికి కూడా చదివి వినిపించాను. ఆదివారం కార్పెంటర్‌ని రమ్మన్నాం.

(రెండు నెలల తర్వాత)

తణుకు_అమ్మ:

అందరికీ మళ్ళీ నమస్కారం. జవాబు ఇవ్వలేదని అనుకోకండి, పనుల్లో పడిపోయాను.

ఫ్రేమ్ చేయించాం. సామాను, మజూరీ కలిపి 8,200 అయింది. భవిత కేంద్రం ఫిజియో సార్ ఇంటికొచ్చి కొలతలు తీసి కార్పెంటర్‌కి కాగితం మీద గీసిచ్చారు. మొదటిసారి తేడా వచ్చింది. మోకాళ్ళ దిండు గట్టిగా అయిపోయి ఎడమ మోకాలి దగ్గర ఎర్రగా చారలు పడ్డాయి, గంటైనా పోలేదు. రెండు రోజులు మానేసి, రెక్సిన్ విప్పించి లోపల ఇంకో పొర మెత్తటి ఫోమ్ పెట్టించాం. విటమిన్ డి 14 వచ్చింది, డాక్టర్ మందు రాశారు. నెల్లూరు అమ్మ గారూ, మీరు చెప్పకపోతే ఆ టెస్ట్ సంగతి నాకు తెలిసేదే కాదు.

ఓరుగల్లు గారి స్కేలు ఉపాయం చేశాం. పాప 12 కిలోలు. మొదటి రోజు 4 చూపించింది, ఇప్పుడు 8 దాకా వస్తోంది. పది నిమిషాలతో మొదలుపెట్టి నిన్న నలభై అయ్యాయి, ఇరవై ఇరవైగా. ఎక్స్‌రే ఇంకా మూడున్నర నెలలుంది. దాని గురించి ఆలోచించడం మానేశానని చెబితే అబద్ధం.

ఫ్రేమ్ వీధి కిటికీ దగ్గర పెట్టాం. కార్నర్ సీట్‌లో ఉంటే దానికి కిటికీ గోడే కనిపించేది. ఇప్పుడు ఊచల సందులోంచి పాలబ్బాయి సైకిల్ చూసి "ఓ" అని అరుస్తుంది. అతను కూడా బెల్లు రెండుసార్లు కొట్టి వెళ్తున్నాడు.

బాబాయ్ గారూ, అత్తయ్య ఒకటి అడగమంటున్నారు. పాప ట్రే మీద ఆవిడ శనగలు పోస్తున్నారు ఆడుకోవడానికి, అవన్నీ దొర్లి కింద పడిపోతున్నాయి. ట్రేకి చుట్టూ అంచు కట్టించవచ్చా?

చిత్రిక_బాబాయ్:

అర అంగుళం బీడింగ్ చాలమ్మా. పాప మోచేతులు ఆనే వైపు మాత్రం వదిలేయమనండి, గుచ్చుకుంటుంది. మేకులు వద్దు, ఫెవికాల్‌తో అతికించి రాత్రంతా బరువు పెట్టమనండి. గరుకు కాగితంతో అంచులు రుద్దకుండా తీసుకోకండి. ఇంకో మాట, శనగలు ముక్కులో పెట్టుకునే వయసు. మీ అత్తగారు పక్కనే ఉంటారుగా?

తణుకు_అమ్మ:

పక్కనే బాబాయ్ గారూ. ఇప్పుడు నన్నే దగ్గరికి రానివ్వడం లేదు.